నాలుగో పాదంలో తగ్గిన మాత్రలు

మా పెద్దమ్మకు చదువు రాదు. నడుముకు ఒడి కట్టుకుని, తీసిన పత్తిని అందులో వేసుకుంటూ, చేలోనే ఆమె కట్టిన యేసు పాటను మా ఊరి చర్చిలో ఇప్పటికీ పాడతారు. బ్రాడీపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఒక ఆదివారం దాన్ని కాగితం మీద రాసుకుని గురువులూ లఘువులూ గుర్తించాను. ప్రాస ఎక్కడా తప్పలేదు. మొదటి మూడు పాదాలకూ పదహారేసి మాత్రలు, నాలుగోదానికి మాత్రం పన్నెండే. ప్రతి చరణంలోనూ అంతే. తెలియక చేసిన తప్పు అన్నిచోట్లా ఒకేలా ఎందుకుంటుంది? అయినా పంతులు బుద్ధి ఊరుకోదు కదా. చివర "ప్రభువా" అని చేర్చి, లెక్క సరిపెట్టి, ఆమెకు పాడి వినిపించాను.

"అట్టా కాదురా, అక్కడ ఆగాలి," అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఏమో, నాకట్టానే వచ్చిద్ది."

ఆ సాయంత్రం ఆరాధనలో మగవాళ్ల వైపు కూర్చుని ఆమెనే చూస్తున్నాను. నాలుగో పాదం ముగిసింది. అందరూ ఆగారు. పత్తి తీత మానేసి ఏళ్లు గడిచిన పెద్దమ్మ కుడిచెయ్యి, లేని ఒడిలోకి ఒకసారి వెళ్లి వచ్చింది.