సుగుణక్క అచ్చు వేయని పత్రిక

కొత్త పెండ్లి పత్రికల కట్ట విప్పగానే సెంటు కలిసిన మందపాటి కాగితం వాసన గుప్పుమంటుంది. నిజామాబాద్‌లో సొంతంగా చిన్న ప్రెస్సు పెట్టుకొని ఆరేళ్లయినా, ఆ వాసన తగిలితే నాకు సుగుణక్కే గుర్తుకొస్తుంది. నాకు పని నేర్పిన మనిషి ఆమె. భర్త పోయాక ఆయన ప్రెస్సును ఒక్కతే నడిపింది. నేను బోధన్ దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, ఆమె దగ్గర కంప్యూటర్ ముందు కూర్చొని పత్రికలు టైపు చేసేవాణ్ని.

పెండ్లి పత్రికకు ఎవరొచ్చినా అక్క ముందు పిల్ల టెన్త్ మెమో అడిగేది, అందులో పుట్టిన తేదీ ఉంటుంది గనుక. పద్దెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేస్తే కన్నవాళ్లతోపాటు అందుకు సాయపడిన వాళ్లదీ నేరమేనని అధికారులు ప్రెస్సుల వాళ్లకు, ఫంక్షన్ హాళ్ల వాళ్లకు చెప్పి ఉన్నారు. చాలామంది విని ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. ఒకసారి జక్రాన్‌పల్లి పసుపు రైతు ఒకాయన మండిపడ్డాడు.

"పత్రిక కొట్టుడే నీ పని. మా పిల్ల ఈడు నీకెందుకమ్మా?"

"కూసో అన్నా, చాయ్ తాగు. పత్రిక కింద మా ప్రెస్సు పేరుంటది. గందుకే అడుగుతున్న."

ఆయన చాయ్ ముట్టకుండా పక్క వీధి ప్రెస్సుకు పోయాడు. చేతికొచ్చిన గిరాకీని పోగొట్టిందని నేను లోలోపల విసుక్కున్నాను.

ఆ ఏడు మాఘంలోనే మా చెల్లె లావణ్యకు ముప్కాల్ సంబంధం కుదిరింది. దానికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. షుగర్ ఫ్యాక్టరీ మూతపడి చెరకు మాని వరికి మళ్లిన బాపుకు, మంచి సంబంధం చేజారుతుందేమోనన్నదొక్కటే భయం. "పరీక్షలైనా రాయనియ్యిండ్రి అన్నా" అని చెల్లె నన్ను బతిమాలింది. "అత్తగారింట్ల రాస్తవు తియ్" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

అక్క కాగితం కొనడానికి బజారుకు పోయినప్పుడు ఆ పత్రిక నేనే టైపు చేశాను. పూర్తయ్యేలోగా ఆమె వచ్చి నా వెనుక నిలబడింది. తెర మీద మా బాపు పేరు చదివింది.

"మీ చెల్లెనా?"

"ఔనక్కా."

"మెమో ఏది?"

నేను కీబోర్డు మీంచి చేతులు తీశాను. ఆమె కోప్పడలేదు. "ఇది మన మిషన్ మీద ఎక్కది. రేపు మీ ఇంటికొస్త" అంది.

చెప్పినట్టే వచ్చింది. బాపు గడపలోనే ఎదురొచ్చాడు.

"లగ్నం పెట్టుకున్నమమ్మా. గిప్పుడు ఆపితే ఇజ్జత్ పోతది."

"ఆపుమంటలే అన్నా, ఆగుమంటున్న. పిల్లకు ఈడు రానియ్యి. పందిట్లకు పోలీసులొస్తే ఇజ్జత్ ఉంటదా?" మెల్లగా అంది: "నాకు పదిహేనేండ్లకే చేసిండ్రు. మా బాపు గూడ మంచోడే అన్నా."

బాపు లోపలికి తిరిగి, "లావణ్యా, నువ్వేమంటవు బిడ్డా?" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట దాన్ని అడగడం అదే మొదలు.

"పరీక్షలు రాస్త బాపు."

పిల్లకు ఈడొచ్చేదాకా ఆగకపోతే సంబంధం వద్దని చెప్పడానికి ముప్కాల్‌కు నేనే పోయాను. వాళ్లు తిట్టిన తిట్లన్నీ తలవంచుకొని విన్నాను. అవి నాకు రావలసినవే అనిపించింది. ఏడాది దాకా ఊళ్లో మమ్మల్ని దెప్పిపొడిచారు.

లావణ్య ఇప్పుడు బోధన్‌లో నర్సు. ఇరవై నాలుగో ఏట, తనకు నచ్చిన వాణ్నే పెండ్లి చేసుకుంది. సుగుణక్క పోయి రెండేళ్లయింది. అక్క చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆమె పక్కనే కూర్చొని మందులిచ్చింది మా చెల్లెనే.

మొన్న ఇందల్వాయి నుంచి పలుకుబడి గల ఒకాయన తన బిడ్డ పెండ్లి పత్రిక కోసం వచ్చాడు. మెమో అడిగాను. ఎగాదిగా చూశాడు.

"ఎవలు నేర్పిండ్రు నీకీ పద్ధతి?"

కుర్చీలోంచి లేచి నిలబడి అక్క పేరు చెప్పాను.