చూడటం కోసం చదువుకున్న సుందరమ్మ టీచరు

గడచిన వారం మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో హాజరు పుస్తకం తెరుస్తుండగా, మా కాలనీ బాలవాడి ఆయా రుక్మిణ్ బాయి ఫోను చేసింది. "సాబ్, టీచర్‌జీ నహీ రహీ" అన్నది. ముందురోజు మధ్యాహ్నం వరకు పిల్లలతో ఉన్న మనిషి తెల్లవారుజామున గుండెనొప్పితో వెళ్ళిపోయిందట. తారీఖూ సమయమూ యథాప్రకారం డైరీలో రాసుకున్నాను. ఆ కింద రాయవలసిన వాక్యం మాత్రం ఆ రోజంతా నా కలం నుంచి దిగలేదు.

గేదెల సుందరమ్మగారు శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి, రైల్వే వ్యాగన్ల మరమ్మతు వర్క్‌షాపులో వెల్డరుగా పనిచేసే భర్త వెంట రాయపూర్ వచ్చారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడక ముందే, ఆ వర్క్‌షాపు ఉద్యోగుల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా తెలుగు సంఘం ఒక గదిలో ప్రారంభించిన బాలవాడికి ఉపాధ్యాయిని అయ్యారు. అప్పటికి ఆమె చదువు పదో తరగతి. ఆమె వాత్సల్యాన్నీ సహనాన్నీ ఎరగనివారు ఈ కాలనీలో లేరు గనుక వాటి గురించి నేను రాయబోవడం లేదు. ఆమె చేసిన ఒక పొరపాటు గురించి రాస్తాను. ఆమె ఔన్నత్యం నాకు గోచరించింది ఆ పొరపాటు దగ్గరే.

బాలవాడిలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఉదయం పిల్లలు వరుసగా నిలబడేవారు. ఆమె వంగి ఒక్కొక్కరి చెవిలో ఆ రోజు పని చెప్పేవారు: చెప్పులు జతలుగా పెట్టడం, కిటికీని తాకి రావడం, చాప పరవడం. తెలుగు పిల్లలకు తెలుగులో, తక్కినవారికి హిందీలో. పని మాత్రం అందరికీ ఒకటే. రహస్యం దక్కించుకున్న గర్వంతో పిల్లలు పరుగెత్తేవారు.

మా రెండో అమ్మాయి యామిని నాలుగో ఏట ఆ వరుసలో చేరింది. మాట రాలేదు. మేం కంగారు పడలేదు. ఇంట్లో మా వైపు తెలుగు, గుమ్మం దాటితే హిందీ. పిల్ల రెండు భాషల నడుమ తికమక పడుతోందని నేనన్నాను, నా భార్య వరలక్ష్మి అన్నది, సుందరమ్మగారూ అన్నారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ మేం చెప్పుకునే సమాధానమే అది. పిల్ల బాలవాడిలో చేరాక గడచిన ఎనిమిది నెలల నా డైరీలో "యామిని ఈరోజూ మాట్లాడలేదు" అని పదకొండు చోట్ల ఉంది. ఎందుకని ఒక్కచోట కూడా లేదు.

శ్రావణమాసంలో ఒక జడివాన రోజు ముగ్గురే పిల్లలు వచ్చారు. ఎప్పుడూ వరుస చివర నిలబడే యామిని ఆ రోజు ముందుకు వచ్చింది. సుందరమ్మగారు చెవిలో పని చెప్పారు. పిల్ల కదలలేదు. తెలుగులో మళ్ళీ చెప్పారు, హిందీలో చెప్పారు. పిల్ల వెనక్కి తిరిగి తక్కిన ఇద్దరి వంక చూసింది. పిల్ల మళ్ళీ ముందు గోడవైపు తిరిగాక, ఆమె గది వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టారు. ఇద్దరు ఉలిక్కిపడి తిరిగారు. యామిని గోడవైపే చూస్తూ నిలబడింది.

వాన తగ్గకముందే ఆమె పిల్లను ఎత్తుకుని మా క్వార్టరుకు వచ్చారు. చీర మోకాళ్ళదాకా తడిసిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబూ, మీ గుంటకి ఇనబడ్డం నేదు. ఇన్నాళ్ళూ ముందున్న పిల్లల్ని చూసి సేస్తంది. నేనేమో బుద్ధిమంతురాలనుకున్నాను."

వరలక్ష్మి పిల్లను లాక్కుంది. "ఏటి టీచరుగారూ! ఎనిమిది నెలలు మీ ఒళ్ళో పెట్టుకున్నారు గదా! తల్లిని, నాకు తెలీలేదు సరే. మీకూ తెలీలేదేటి?"

"తెలీలేదమ్మా" అన్నారామె. తల దించుకోలేదు.

రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని ఆసుపత్రిలో తేల్చారు. యంత్రం అమర్చారు. ఇంకా ముందే తీసుకువచ్చి ఉంటే మాట త్వరగా పట్టుబడేదని డాక్టరు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో సుందరమ్మగారి పేరు ఎత్తడానికి వీలులేకపోయింది. ఆమెను తీసేయించమని వరలక్ష్మి పట్టుబట్టింది. సంఘానికి కార్యదర్శిని నేనే.

ఆ అవసరం రాలేదు. తన తప్పును కార్యవర్గం ఎదుట పెట్టమని ఆమే నన్ను అడిగారు. తొమ్మిదిమందిమి కూర్చున్నాం. జరిగింది ఆమే స్వయంగా వివరించి, చివర ఒక కోరిక కోరారు: చిన్నపిల్లల ఉపాధ్యాయుల శిక్షణకు పన్నెండో తరగతి కావాలి గనుక సాయంత్రాలు చదివి అది పూర్తిచేస్తాననీ, ఆ తరువాత శిక్షణకు ఒక ఏడాది సెలవు ఇచ్చి, తిరిగి తీసుకోవాలనీ.

అప్పటి అధ్యక్షులు రిటైరైన ఫోర్‌మన్. ఆయన నవ్వారు. "అచ్చరాలు దిద్దించడానికి డిప్లొమా ఎందుకమ్మా? నీకున్న ప్రేమకి ఏ కాలేజీ సర్టిఫికేట్ ఇస్తాది?"

"ప్రేమ ఉంది బాబూ. ఉంటే ఏటయింది? ఎనిమిది నెలలు గుంటని ముద్దాడేను. ముద్దాడ్డం నాకొచ్చు. చూడ్డం రాదు."

మరొకరు అందుకున్నారు: "అయితే ఈ వయసులో సంచీ తగిలించుకుని ఆటో ఎక్కుతావా పిన్నీ?"

"ఎక్కుతాను. టిఫిను నువ్వు కట్టియ్."

గది నవ్వింది గాని ఓట్లు నవ్వలేదు. కోరిక ఒప్పుకోవాలని నలుగురు, ఆమెను తీసేయాలని నలుగురు. ఎనిమిది ముఖాలూ నావైపు తిరిగాయి. నా చెయ్యి ఎటు లేచినా ఆమె బతుకు అటే పోతుంది. ఇంట్లో వరలక్ష్మి ఎదురుచూస్తోంది. నేను ఔదార్యంతో ఓటు వేశానని ఎవరూ భావించవద్దు. ఆమెను తీసేస్తే వచ్చే మనిషికి కూడా చూడటం రాదు, పైగా రాదన్న సంగతి తెలియదు. అంతవరకే లెక్క వేసి ఆమె వైపు చెయ్యి ఎత్తాను. ఇంట్లో ఇరవై రోజులు మాటల్లేవు.

మాట్లాడే హిందీ వేరు, పరీక్షలో రాసే హిందీ వేరు. రెండేళ్ళకు పన్నెండో తరగతి గట్టెక్కారు. శిక్షణ కేంద్రంలో తోటి అమ్మాయిలు "ఆంటీ" అంటే, క్లాసులో రోల్ నంబరుతోనే పిలవమని చెప్పారట. ప్రాక్టికల్ పరీక్షలో ముక్కూమొహం ఎరగని పిల్లవాణ్ణి అరగంట పరిశీలించి రాయాలి. ఆమె "మంచి పిల్లవాడు, నెమ్మదస్తుడు" అని రాశారు. పరీక్షకురాలు ఎర్రసిరాతో కొట్టేసి, "ఇది మీ అభిప్రాయం. వాడు ఏం చేశాడు?" అని రాసి ఫెయిలు చేసింది. ఆ కాగితం తెచ్చి నాకు చూపించారు. "బాబూ, యామినినీ ఇలాగే రాసుకున్నాను గదా మనసులో" అన్నారు. రెండోసారి రాసిన పరీక్షలో ఒక్క విశేషణం లేదు. ఉత్తీర్ణులయ్యారు.

తిరిగి వచ్చాక కొత్తగా చేరిన ప్రతి బిడ్డనూ మొదటి పక్షం రోజులు అదే రీతిలో గమనించేవారు. నా డైరీ ప్రకారం నలుగురిని ఆమె సకాలంలో ఆసుపత్రికి పంపారు. అందులో ఒకడి తండ్రి భన్‌పురిలో లారీల ఆఫీసులో పనిచేసేవాడు. గుమ్మంలో నిలబడి పిల్లలందరూ జడుసుకునేట్టు అరిచాడు: "నా కొడుకుని గుడ్డోడంటావా?"

"గుడ్డోడు కాడు బాబూ. బొమ్మ ఇస్తే ప్రతిసారీ తల తిప్పి కుడికంటితోనే చూస్తన్నాడు. నిన్న పదిసార్లు చూసేను. డాక్టరు నా మాట తప్పంటే రేపొచ్చి మళ్ళీ తిట్టు."

అతను మర్నాడు రాలేదు. వారం తరువాత, కళ్ళజోడు పెట్టుకున్న కొడుకును గుమ్మంలో దింపి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

రుక్మిణ్ బాయిని చదివించిందీ ఆమే. పన్నెండు పూర్తిచేయించి శిక్షణలో చేర్పించారు. ఇంకా ఆరు నెలల చదువు మిగిలి ఉంది.

మొన్న ఆదివారం సంతాపసభ జరిగింది. మౌనం పాటించాం. యామిని పెద్దదై ఉద్యోగం చేసుకుంటున్నది. తల్లి పక్కన కూర్చుని ఆద్యంతం వక్తల పెదవుల వంకే చూసింది. ఇప్పటి అధ్యక్షులు సుందరమ్మగారి స్థానం ఎవరూ భర్తీ చేయలేరని అన్నారు. మరో అయిదు నిమిషాలకే, ఇంట్లో ఖాళీగా ఉన్న తమ బంధువుల కోడలిని సోమవారం నుంచి ఆ స్థానంలో పెడదామన్నారు. "బీకాం చదివింది. పిల్లల్ని ఆడించడమేగా!"

సభలో చాలా తలలు ఊగాయి. అప్పుడు వరలక్ష్మి లేచింది. "ఆడించేవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారండీ. ఆడించడం వల్లే మా పిల్లకి ఎనిమిది నెలలు పోయాయి" అన్నది. అధ్యక్షులు నొచ్చుకుని, పోనీ రుక్మిణ్‌నే పెడదామన్నారు. రుక్మిణ్ చేతులు జోడించింది. "నహీ సాబ్. అభీ మై భీ పూరీ నహీ హూఁ. ఛే మహీనే బాకీ హై." తానింకా పూర్తిగా తయారు కాలేదని, ఇంకో ఆరు నెలలు పడుతుందని, కంటతడితో చెప్పింది.

ఓట్లు లెక్కపెట్టింది నేనే. అర్హత గల ఉపాధ్యాయిని దొరికేవరకు బాలవాడి మూసి ఉంచాలని మూడు ఓట్ల ఆధిక్యంతో తీర్మానమైంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి తాళం నేనే వేశాను. ఇరవై ఆరుగురు పిల్లలు. తల్లులు గుమ్మం ముందు నిలదీశారు: "మేం పనులకు ఎలా పోవాలి? ఎప్పుడు తెరుస్తారు?" వారి కోపం న్యాయమైనదే. నా దగ్గర తారీఖు లేదు.

పూలదండలకు ఆమె ముచ్చటపడే మనిషి కాదు. సుందరమ్మగారూ, మీకు మేం అర్పించగలిగిన శ్రద్ధాంజలి ప్రస్తుతానికి ఈ మూసిన తలుపే. ఇది తెరవడానికి తగిన మనిషి కోసం శిక్షణ కేంద్రాలకు రోజూ ఒక ఉత్తరం రాస్తున్నాను. ఇవాళ్టికి నాలుగు వెళ్ళాయి.