చావడి లేని వీధి

సుంకన్న ఫోన్ చేసినప్పుడు నేను కర్నూలులో మా ఇంట్లో కూలర్ ముందు కూర్చుని పేపరు చదువుతున్నాను. సుంకన్న తాపీ మేస్త్రీ. పన్నెండేళ్ల కిందట అనంతపురం ఊరి బయట ఒక సంస్థ కూలీలకు కాలనీ కట్టించింది. దానికి నేను ప్లాన్లు గీశాను, అతను గోడలు కట్టాడు. పొలాలు ఎండిపోయి పల్లెలు వదిలి వచ్చిన వాళ్లకు కట్టిన ఇళ్లవి. అందులో సుంకన్నకూ ఒకటి వచ్చింది.

వాళ్లమ్మ ఓబుళమ్మ వడదెబ్బ తగిలి పోయిందని, తొమ్మిది రోజులైందని చెప్పాడు. ధనిష్ఠ నక్షత్రంలో పోయిందట. అలా పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టి అందరూ బయటికి వెళ్లిపోవాలి. మా వైపు ఈ పట్టింపు ఇంకా గట్టిగానే ఉంది. పల్లెలో అయితే పశువుల కొట్టమో, దాయాదుల మిద్దో ఏదో ఒకటి దొరుకుతుంది. కాలనీలో ఉన్నది ఒక గది, ఒక వంటమూల.

"సార్, అప్పట్లో మీరు గీసిన కాయితంలో వీధికొకటి చావడి ఉండె గదా. అది యాడ పోయినాది?" అన్నాడు.

కోపంగా అడగలేదు. కోప్పడితే ఏదో ఒకటి సర్దిచెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ణేమో. రేపు వస్తానని చెప్పాను. అటక మీది రేకు గొట్టం దింపి, దుమ్ము దులిపి, పాత ట్రేసింగు కాగితం అందులోనే ఉందో లేదో చూసుకున్నాను.

మర్నాడు ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండులో అనంతపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు రెండు వందల చిల్లర. బస్సు దక్షిణానికి పోతుంది కాబట్టి ఎండ పడకుండా కుడివైపు కిటికీ పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా ఇళ్లకు దిక్కులు చూసే పని చేస్తున్నానుగా, ఆ తెలివి నా మటుకు నాకు ఎప్పుడూ బాగానే పనికొస్తుంది.

డోన్ దాటేసరికి ఏడు. గుత్తిలో బస్సు పావుగంట ఆగింది. బస్టాండు ఎదుట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ పొద్దుటిపూట గాలి చల్లగా ఉంది. చావుకు వెళ్తున్న మనిషి రెండో బజ్జీ అడగొచ్చా అని ఒక క్షణం అనిపించింది. అడిగాను.

గుత్తిలో పామిడి బట్టల వ్యాపారి ఒకాయన రెండు మూటలతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. గొట్టం చూసి అదేమిటని అడిగాడు. ఇళ్లు గీస్తానని చెప్పగానే తన ఇంటి సంగతి మొదలుపెట్టాడు. తాతలనాటి మట్టి మిద్దె పడగొట్టి, రెండంతస్తుల స్లాబు వేయించాడట. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారట. కానీ ఎండాకాలం పగటిపూట లోపల ఉండటం కష్టంగా ఉందని, అందుకే పొద్దున్నే అంగడికి పోయి చీకటి పడ్డాకే ఇంటికి వస్తానని చెప్పాడు.

"మరి ఇంట్లో ఆమె?" అని అడిగాను.

"ఆయమ్మ ఇంట్లోనేగదన్నా ఉండేది" అన్నాడు. ఆ తర్వాత పామిడి వచ్చేదాకా మూటల ముడులు సరిచూసుకుంటూ కూర్చున్నాడు.

పామిడి వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద పెన్నలో చుక్క నీరు లేదు. ఇసుకలో ఎవరో చెలమ తవ్వారు. దాని చుట్టూ నాలుగు బిందెలున్నాయి, మనుషులు లేరు. అక్కడినుంచి అనంతపురం దాకా నేను ఓబుళమ్మ గురించే ఆలోచించాను.

కాలనీ గీయకముందు సుంకన్న నన్ను బెళుగుప్ప దగ్గర వాళ్ల పల్లెకు తీసుకెళ్లాడు. మట్టి మిద్దెలు ఎలా ఉంటాయో చూడమన్నాడు. రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద కట్టెలు పరిచి మందంగా చౌడుమట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోస్తారు. మిద్దె నడుమ మూరెడు వెడల్పున ఒక గుండ్రటి తూటు, దాన్ని వాళ్లు గవాచి అంటారు. వానొస్తే దాని మీద బండ కప్పుతారు. ఓబుళమ్మ నన్ను సరిగ్గా దాని కింద నిలబెట్టింది. "పొయ్యి పొగ, మనిషి ఆవిరి, ఎండ ఏడి అన్నీ దీంట్లోనుంచే పోతాయి. మీ స్లాబుకు ఇది పెడతావా నాయనా?" అంది. పెడతానన్నాను. తర్వాత వీధి చివర చావడి చూపించింది. ఎవరిదీ కాని గది వీధికి ఒకటి ఉండాలని, పురుడొచ్చినా, చావొచ్చినా, చుట్టమొచ్చినా మనిషి తల దాచుకోవాలి కదా అని చెప్పింది.

ఆ సాయంత్రమే కర్నూలు వచ్చి రెండూ గీశాను. ఇంటికో గవాచి, వీధికో చావడి. నేను గీసిన వాటిలో అంత మంచి ప్లాను ఇంకొకటి లేదు.

ఆ తర్వాత సంస్థవాళ్లతో మీటింగు జరిగింది. గవాచికి వాన కారుతుందని, చావడి తీసేస్తే వీధికి ఇంకో రెండిళ్లు వస్తాయని అన్నారు. ఇళ్లకోసం జనం బారులు తీరి ఉన్నారు, అది అబద్ధం కాదు. చెడు నక్షత్రంలో చావొస్తే ఇల్లు వదలాలి, అప్పుడు చావడి కావాలని నేను చెప్పబోతే, "ఇళ్లు మనుషులకు ఇద్దామా, నక్షత్రాలకు ఇద్దామా?" అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మారిన ప్లాను మీద సంతకం పెట్టాను. ఆ మీటింగులో ఓబుళమ్మ లేదు, ఆమెను పిలవాలని ఎవరికీ తోచలేదు.

తొమ్మిదిన్నరకు అనంతపురం చేరాను. బస్టాండులో కాఫీ తాగి, షేర్ ఆటో పట్టుకుని కాలనీకి వెళ్లేసరికి పది దాటింది. ఆ వీధిలో అందరికంటే ముందు కనబడింది సుంకన్న కొత్త కాపురమే. రెండు వరసల మధ్య దారి పక్కన నాలుగు గుంజలు పాతి నీలం టార్పాలిన్ పట్ట కప్పాడు. అంచులకు తడి గోనెసంచులు వేలాడదీశాడు. పట్ట నడుమ జానెడు సందు వదిలి, దాని మీద రెండో ముక్క ఎత్తుగా కట్టాడు, వేడి పైకి పోవడానికి. మేస్త్రీ మేస్త్రీయే.

అతని భార్య లింగమ్మ నీళ్లిచ్చింది. కూతురు ఇంటర్ చదువుతోంది, పక్కింట్లో మరియమ్మ దగ్గర పడుకుంటోందట. మరియమ్మ వాళ్లు క్రైస్తవులు. నేను వచ్చానని తెలిసి ఆమే వచ్చి నాతో ఫిర్యాదు చేసింది. మాకు నక్షత్రాలు లేవు, మీరు మా ఇంట్లో ఉండండి, మేము మీ ఇంట్లో ఉంటామని చెప్పిందట. సుంకన్న వినలేదు.

"ఆయమ్మ పిల్లలకేమన్నా అయితే నేను బతుకుతానా సార్?" అన్నాడు సుంకన్న.

ఊళ్లో ఎక్కడైనా గది చూస్తాను, అద్దె నేనిస్తాను అన్నాను. అద్దె కాదు సమస్య అన్నాడు. తొమ్మిది ఇళ్లు అడిగాడట. చావు సంగతి దాచి అడగడం అతనికి చేతకాదు. చెప్పగానే ఆరు నెలలు పోయాక రమ్మంటున్నారు. అలాంటి ఇంటినుంచి వచ్చిన వాళ్లను ఎవరూ గడప తొక్కనివ్వరు.

ట్రేసింగు కాగితం పట్ట కింద పరిచాను. నలుగురైదుగురు మూగారు. సుంకన్న వంగి, వీధి చివరి చతురస్రం మీద వేలు పెట్టాడు. అందరూ తలలెత్తి వీధి చివరికి చూశారు. అక్కడ రెండిళ్లున్నాయి. ఒకదాని ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి. రెండోదానికి తాళం, ఆ ఇంటివాళ్లు బెంగుళూరు పనికి పోయారు. ఫోన్ చేసి అడిగితే, ఇల్లు తప్ప ఏమైనా అడగమన్నారట. వాళ్ల తప్పేముంది, అది వాళ్ల ఇల్లు. ఎవరిదీ కాని గదిని తీసేసింది నేను.

పన్నెండున్నరకు లింగమ్మ రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. వద్దనడానికి నోరు రాలేదు. తిన్నాక ఇల్లు చూస్తానన్నాను.

సుంకన్న ఒప్పుకోలేదు. ఆ ఇంట్లోకి పోతే మీకు కీడు తగులుతుందని నా చెయ్యి పట్టుకున్నాడు. కీడు ఎప్పుడో తగిలింది, నేను చూసి రావాలి అన్నాను. అప్పుడు చెయ్యి వదిలి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టి ఉంది. దాన్ని నేనే పక్కకు లాగి లోపలికి వెళ్లి, తలుపు మూసుకున్నాను. వడగాలికి, దుమ్ముకు మధ్యాహ్నం ఆ వీధిలో ఆడవాళ్లందరూ తలుపులు మూసుకునే ఉంటారు.

ఒకటీ పది అయింది. ముందు కళ్లకు ఏమీ ఆనలేదు. గోడకు ఆనుకుని కూర్చుందామంటే, పొద్దుటినుంచి ఎండ పడ్డ తూర్పు గోడ వీపుకు కాలింది. గది నడుమకు జరిగాను. అక్కడ పైనుంచి దిగుతున్న వేడికి నడినెత్తి చురచురలాడింది. ఊపిరి పీలిస్తే ముక్కులో మంట. ఇది నేను గీసిన గది. కిటికీ కొలత, కప్పు ఎత్తు, అన్నీ నాకు నోటికొచ్చు.

కళ్లు అలవాటు పడ్డాక తల పైకెత్తాను. స్లాబుకు అడుగున, సరిగ్గా గది నడుమ, బొగ్గుతో గీసిన గుండ్రటి గీత ఉంది. మూరెడు వెడల్పు.

పద్దెనిమిది నిమిషాలు ఉన్నాను. అంతకు మించి ఉండలేకపోయాను. బయటికి వచ్చి, కంప మళ్లీ అడ్డం పెట్టి, పట్ట కింద కూలబడ్డాను. మరియమ్మ నా నెత్తిన నీళ్లు చల్లింది. పట్ట కింద ఇంటికంటే చల్లగా ఉంది. ఆ సంగతి సుంకన్నకు ఎప్పుడో తెలుసు.

గీత సంగతి అడిగాను. సుంకన్న వేలాడే గోనెసంచి సరిచేస్తూ చెప్పాడు.

"పోయినేడు ఎండలకు మాయమ్మ పోరితే నేనే గీసినా సార్. తొలిచేదానికి ఒగ పూట పని. అయితే మీరిచ్చిన కాయితంలో రాసుండాది గదా, తొలిస్తే ఇల్లు రద్దని. సార్‌ను ఒగ మాట అడుగుదామని నేనంటే, ఆయప్పకు ఎన్ని పనులుంటాయో వద్దులే అనె మాయమ్మ. ఆ గీత కిందనే సాప ఏసుకుంటాండె. ఆడ గాలొస్తాదంట."

ఇళ్లు అప్పగించేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఏడో షరతు అది. గోడలకు, పైకప్పునకు ఎట్టి మార్పులు చేయరాదు, చేసినచో కేటాయింపు రద్దగును. ఆ వాక్యం రాసింది నేనే. నా డిజైను ఎవరూ పాడు చేయకూడదని రాశాను.

ఏడుపొచ్చింది. అరవై ఏళ్లవాణ్ణి, వీధిలో అందరి ముందు ఏడ్చాను. సుంకన్న ఓదార్చలేదు. అది నాకు మేలే చేసింది.

కాసేపటికి బ్యాగులోంచి కాగితం తీసి, పైకప్పులో గవాచి తొలవడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదని, ఇనుప కడ్డీలు ఎక్కడ కోయకూడదో బొమ్మ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను. సుంకన్న దాన్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు.

"ఇది మాయమ్మ బతికున్నెప్పుడు రావల్సిన కాయితం సార్. ఇంగ నాకెందుకు? యాడ తొలవల్లనో నాకు తెల్సు" అన్నాడు.

అయినా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆరు నెలలయ్యాక పాలు పొంగించే ముందు మొట్టమొదట ఆ తూటే తొలుస్తానని, మరియమ్మ ఇంటికీ తొలుస్తానని చెప్పాడు. అందాకా వానలొస్తే ఎలా అని అడిగాను. వానలొస్తే సంతోషమే కదా సార్ అన్నాడు. ట్రేసింగు కాగితాన్ని లింగమ్మ అడిగి తీసుకుంది. పట్టలో ఎండ దిగే చోట అడ్డంగా కట్టింది.

నాలుగింటికి అనంతపురంలో కర్నూలు బస్సు దొరికింది. నీడ ఉన్న కుడివైపు సీట్లన్నీ నిండిపోయాయి. ఎడమవైపు కూర్చుని గుత్తి దాకా ఎండలోనే వచ్చాను. పామిడిలో రోడ్డుకు దగ్గరగా కొత్త మేడలు కనిపించాయి. అన్నిటికీ స్లాబులు, పడమటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొద్దున నా పక్కన కూర్చున్నాయన ఇల్లు వాటిలో ఏదో తెలియదు. ఆ మూసిన కిటికీల వెనక ఎక్కడో ఒకామె ఉండే ఉంటుంది.

ఆ కాలనీ చూడాలని ఎవరికైనా ఉంటే వెళ్లడం కష్టమేమీ కాదు. అనంతపురం బస్టాండు ముందు షేర్ ఆటోలు ఉంటాయి, అరగంట ప్రయాణం. కాలనీలో హోటలు లేదు, కానీ ఆకలితో ఎవరూ పంపరు. నీళ్లు మాత్రం మీవి మీరు తీసుకెళ్లండి, అక్కడివాళ్లవి తాగడం న్యాయం కాదు. ఇళ్లు గీసే పనిలో ఉన్నవాళ్లయితే పొద్దున పూట వెళ్లకండి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి, ఏదో ఒక ఇంట్లో తలుపు మూసుకుని కాసేపు కూర్చోండి. ఆ కాలనీ కట్టిన ఏడాదిన్నరలో నేను అక్కడికి నలభై సార్లయినా వెళ్లి ఉంటాను. సంస్థ జీపు అనంతపురం నుంచి ఎనిమిదింటికి తీసుకెళ్లేది, ఎండెక్కకముందే పదింటికల్లా వెనక్కి తెచ్చేసేది.