ఒక్క అక్షరం తేడా లేని రెండు ఫైళ్లు

2023, మిరపకోతల రోజులు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్క్ ఇంజనీరుగా నాకది తొమ్మిదో ఏడు. మా ఆసుపత్రికి చిలకలూరిపేటలో హైవే పక్కన చిన్న బ్రాంచి ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లుల పనివాళ్లు, లారీ డ్రైవర్లు, చుట్టుపక్కల రైతులు ఎక్కువగా వచ్చేది అక్కడికే. ఆ బ్రాంచిలో గుండె డాక్టరు లేరు. ఛాతీనొప్పితో ఎవరైనా వస్తే అక్కడ ఈసీజీ తీస్తారు. అది క్షణాల్లో గుంటూరులో డాక్టరుగారి తెర మీదకు వస్తుంది. ఆయన చూసి ఏం చేయాలో ఫోన్లో చెబుతారు. ఆ దారి తెగకుండా చూడడమే నా ఉద్యోగం.

ఆ దారిలో రౌటర్ అనే పెట్టె ఉంటుంది. ఏ యంత్రం పంపినదాన్ని వెళ్లనివ్వాలో, దేన్ని ఆపాలో అందులో లైన్లుగా రాసి ఉంటుంది. ఆ రాతనే కాన్ఫిగరేషన్ అంటాం. రోజూ తెల్లవారుజామున అన్ని బ్రాంచిల కాన్ఫిగరేషన్లూ వాటంతటవే కాపీ అయ్యే ఏర్పాటు నేనే చేశాను. ఎక్కడైనా ఏదైనా ఆగిపోతే, దాచిన కాపీనీ ఇప్పుడున్నదాన్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తాను. మారిన లైను ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎర్ర గీతను కళ్లారా చూసిన సాక్ష్యంలా నమ్మేవాణ్ణి.

ఒక సోమవారం పొద్దున పదిన్నరకు వెంకటేశ్వర్లు అనే లారీ డ్రైవరు మిల్లు దగ్గర కుప్పకూలాడు. తోటివాళ్లు ఆటోలో మా బ్రాంచికి తెచ్చారు. ఈసీజీ తీశారు, గుంటూరుకు రాలేదు. మళ్లీ తీశారు, మళ్లీ రాలేదు. అక్కడి హెడ్ నర్సు మరియమ్మగారు ప్రింటు తీసి, ఫోన్లో ఫొటో కొట్టి డాక్టరుగారికి పంపారు. ఆయన అప్పుడు మరో రోగి దగ్గర ఉన్నారు. ఆ ఫొటో చూసేసరికి అరగంట దాటింది. వెంటనే మందు చెప్పి, అంబులెన్సులో గుంటూరు రప్పించారు. మనిషి దక్కాడు.

ఈలోగా నేను పోలిక తెరిచాను. ఒక్క లైను లేదు. ఈసీజీ యంత్రాన్ని గుంటూరుకు వెళ్లనివ్వమని చెప్పే లైను అది. తెల్లవారుజాము కాపీలో ఉంది, ఇప్పుడు లేదు. దాన్ని మళ్లీ రాసి దారి తెరిచాను. పొద్దున రౌటర్ గదిలోకి ఎవరెళ్లారని మరియమ్మగారిని అడిగితే, తొమ్మిదింటప్పుడు ఏసురత్నంగారు వెళ్లారన్నారు. ఆయన ఆ బ్రాంచిలో కరెంటు పనులు చూసే మనిషి, యాభై దాటినవాడు. అంతకుముందు వానాకాలంలో లైను పోయినప్పుడు నేనే ఆయనకు ఫోన్లో రౌటర్ పాస్‌వర్డ్ చెప్పాను.

ఏం జరిగిందని గుంటూరు ఆసుపత్రి మేనేజరుగారు ఫోన్ చేశారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏసురత్నంగారే తీసేసుంటారండి. పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు" అన్నాను.

మధ్యాహ్నానికల్లా, పేషెంట్లు చూస్తుండగానే, ఆయన మెడలోని ఐడీ కార్డూ తాళాలూ తీసుకుని ఇంటికి పంపేశారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు బాధ కలగలేదు. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాడు, తగిన శాస్తే జరిగిందనుకున్నాను.

రిపోర్టు రాయడానికి కూర్చుని, ఆయన ఎన్నింటికి లోపలికి వెళ్లాడో టైము కోసం లాగ్ తెరిచాను. రౌటర్లోకి ఎవరు వచ్చినా గుంటూరు సర్వర్లో నమోదయ్యే పట్టీ అది. పొద్దుటి నుంచి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లినవాళ్లు, లైను పోయాక వెళ్లిన నేను తప్ప, ఒక్కరూ లేరు. తొమ్మిది దాటాక రౌటర్ ఆగి మళ్లీ మొదలైనట్టు మాత్రం ఉంది.

జనవరి నాటి కాపీ ఒకటి తీశాను. ఆ ఈసీజీ యంత్రం బ్రాంచికి రాకముందుది. దాన్నీ ఇవాళ లైను లేకుండా కనిపించినదాన్నీ పోల్చాను. ఎర్ర గీత ఒక్కటీ రాలేదు. ఒక్క అక్షరం తేడా లేదు.

రౌటర్ నడుస్తున్నప్పుడు ఒక కాన్ఫిగరేషన్ వాడుతుంది. ఆగి మళ్లీ మొదలైతే, చివరిసారి సేవ్ చేసినదాన్ని చదువుకుంటుంది. కొత్త లైను రాశాక సేవ్ కమాండ్ ఇవ్వకపోతే, కరెంటు తీసేవరకే ఆ లైనుకు ఆయుష్షు. ఈసీజీ యంత్రం పెట్టిన రోజు ఆ లైను రాసింది నేను. మరియమ్మగారు "వచ్చిందా అండీ" అని అడిగితే, తెర మీద గీతలు చూసి "బ్రహ్మాండంగా వచ్చింది" అన్నదీ నేనే. సేవ్ చేయలేదు. రెండు నెలలుగా ఆ బ్రాంచికి గుండెనొప్పితో వచ్చిన ప్రతి మనిషీ నా మతిమరుపు బయటపడకపోవడం మీద ఆధారపడి బతికాడు.

మేనేజరుగారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి పొద్దున అంత గట్టిగా చెప్పావేంటయ్యా మస్తాన్" అన్నారు.

ఏసురత్నంగారికి తాను ఫోన్ చేస్తానన్నారు. నేనే వెళ్తానని చెప్పి చిలకలూరిపేట బస్సెక్కాను.

ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నారు. లోపలి నుంచి ఆయన భార్య నన్ను చూసి, పలకరించకుండా కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. తప్పు నాదని, ఎలా జరిగిందో వివరంగా చెప్పాను. రౌటర్ గదిలోని యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిపోతే కొత్తది వేశానని, అందుకు ఐదు నిమిషాలు కరెంటు తీయాల్సి వచ్చిందని ఆయన చెప్పారు. పాస్‌వర్డ్ ఆ వానాకాలంలోనే మర్చిపోయారట.

"కార్డు తీసుకున్నందుక్కాదు సార్ నా బాధ. ఏం చేశావని మీరు ఒక్క ఫోన్ చేసుంటే, బ్యాటరీ మార్చానని చెప్పేవాణ్ణి గదా" అన్నారు. గొంతు పెంచలేదు.

మర్నాడు బ్రాంచి సిబ్బంది అందరి ముందూ ఆయన కార్డు ఆయనకిచ్చారు. తప్పు ఎవరిదో అందరికీ వినపడేలా నేను చెప్పాను. నాకు హెచ్చరిక లెటర్ ఇచ్చారు. వెంకటేశ్వర్లు వారానికి ఇంటికి వెళ్లాడు కానీ, ఇక లారీ నడపకూడదన్నారు. ఆ అరగంట వల్లేనా అని డాక్టరుగారిని అడిగాను. "అదేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను" అన్నారాయన. ఆ మాట నాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగరేషన్‌నూ సేవ్ అయినదాన్నీ కూడా రోజూ పోల్చి చూస్తున్నాను. అది పనికి సంబంధించిన దిద్దుబాటు. నేర్చుకున్నది వేరే ఉంది. పోలిక ఏం మారిందో చూపిస్తుంది, అంతే. ఎవరు, ఎందుకు అన్నది నేను కల్పించుకున్నాను. ఈమధ్య సింగరాయకొండ బ్రాంచి పోలికలో మూడు లైన్లు ఎర్రగా వచ్చాయి. రిపోర్టు జోలికి పోకుండా ముందు అక్కడి మనిషికి ఫోన్ చేసి, "పొద్దుటి నుంచి ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడలేదు.