ఐలమ్మ అడిగిన స్టూలు

నాచారంలోని ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ లైను దగ్గరి స్టూళ్లను తీసేయించిన రోజు ఐలమ్మ నోరెత్తలేదు. "కూసుంటే చేతులు మెల్లగైతయి" అన్నాడు సూపర్‌వైజర్ దయాకర్. ఆమె నడుముకు అప్పటికే ఆపరేషన్ అయిందని అతనికి తెలుసు. అయినా ఆమె నిలబడే సీసాలు సర్దింది. కాంట్రాక్టు మనిషి అడిగితే మర్నాడు గేటు తెరుచుకోదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నొప్పి నడుములోంచి మడమ దాకా దిగింది. హబ్సిగూడలో ఒక పెద్ద డాక్టరు వెన్ను కోసి, నొప్పి తెలియకుండా చేసే చిన్న కరెంటు మిషన్ లోపల అమర్చాలన్నాడు. మళ్లీ కోత అనగానే ఆమె లేచి వచ్చేసింది. ఉప్పల్‌లో ఫిజియోథెరపీ చేసే అరుణకుమారి, చర్మం మీద ప్యాడ్లు అతికించుకుంటే పైనుంచే సన్నగా కరెంటు పంపే చిన్న మిషన్ ఇచ్చింది.

"గిది కోసేది లేదు, కుట్టేది లేదమ్మా. అందరికీ పనిజెయ్యదు, సూద్దాం. నొప్పి తగ్గిందంటే కసరత్తు జెయ్యి, నడువు. జరసేపు కూసో, జరసేపు నిలబడు. బరువులు మాత్రం ఎత్తకు."

పనిచేసింది. నడుము మీద చీమలు పాకినట్టయి, నొప్పి వెనక్కి జరిగేది. కానీ నాచారం ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. బామ్ పూసుకున్నా, గోలీ మింగినా, అది ఒంటి కోసం కాదు, షిఫ్టు కోసం. ఐలమ్మ కూడా ఆ ఉపశమనాన్ని కసరత్తుకు వాడలేదు. మిషన్‌ను బొడ్లో దోపుకొని డ్యూటీకి పోయింది.

"ఏందక్కా, నడుముకు ఫోన్ గట్టినవా?" అంది పక్కన నిలబడే సంతోషి.

"నడుముకే ఛార్జింగ్ పెట్టిన పిల్లా!"

లైనంతా నవ్వింది. దయాకర్ కూడా విన్నాడు.

కొన్నాళ్లకు కాలు తిమ్మిరెక్కడం మొదలైంది. ఐలమ్మ మొదటిసారి నోరు విప్పింది. "సార్, నాకొక్కదానికి ఒక స్టూలు ఇప్పియ్యున్రి."

"మిషనున్నది గదా ఐలమ్మా! బటన్ జర పెంచుకో." దయాకర్ అంతటితో ఊరుకోలేదు. నడుము నొప్పి అన్న ప్రతి మనిషికీ ఆమెనే చూపించాడు. "ఐలమ్మను జూసి నేర్చుకోన్రి."

ఆమె బటన్ పెంచుకుంది. నొప్పి తెలియక అట్టపెట్టెలూ ఎత్తింది. ఒక మధ్యాహ్నం కాలు మడతపడి బెల్టు పక్కనే కూలిపోయింది. సంతోషి ఆటోలో ఇంటికి చేర్చింది. ఆమె చోటులో ఇప్పుడు ఇంకొకామె సీసాలు సర్దుతోంది. నిలబడే.

"నొప్పి తగ్గితే ఒళ్లు బాగుచేసుకుంటవని ఇచ్చిన గదమ్మా" అని చూడవచ్చిన అరుణకుమారి తల పట్టుకుంది. చివరికి వెన్నులో మిషనే గతి అవుతుందేమోనని భయపడింది.

ఐలమ్మ మంచం మీంచే నవ్వింది. "లోపల పెడితే ఇగ ఎంత పెంచుకొమ్మంటడో ఆ దయాకర్ సారు!"

ఇది చదివేవాళ్లలో ఫ్యాక్టరీ లైన్లలో నిలబడేవాళ్లున్నారు, వాళ్ల ఇంటివాళ్లూ ఉన్నారు. వైద్యం ఏదైనా చేయించుకోండి. కానీ రేపు డ్యూటీకి పోగానే స్టూళ్లు అడగండి. లైను మొత్తం కలిసి అడగండి. ఐలమ్మ ఒక్కతే అడిగింది.