తాత తిరగేసి చెక్కిన రాగి పళ్లెం

నా చిన్నప్పుడు, కరోనా లాక్‌డౌన్ నెలల్లో, సూరత్‌లోని పాండేసరలో తాత, నాయినమ్మ, నేను, ముగ్గురిదీ ఒక్క గది కాపురం. మా తాత బట్టల మిల్లులో రాగి రోలర్ల మీద డిజైన్లు చెక్కేవాడు. వార్నిష్ పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీత ఉన్నచోట మాత్రమే రాగిని తినేసి బొమ్మ తేలుతుంది. మిల్లు మూతపడింది గానీ ఆయన చేతులు ఊరుకుంటేనా!

ఒక మధ్యాహ్నం నాయినమ్మ కునుకు తీస్తుంటే, వాళ్ళమ్మ ఆమెకిచ్చిన పెద్ద రాగి పళ్లెం అటక మీంచి దించాడు. మా బిల్డింగు, మిల్లు, చిమ్నీ చెక్కి గోడకు తగిలిస్తే ఆమె మురిసిపోతుందట. "అడుగుదామా తాతా?" అంటే "అడిగితే ఇస్తదా?" అన్నాడు. మిల్లు నుంచి తెచ్చుకున్న యాసిడ్ చింది పడకుండా నన్ను గడప అవతల కూర్చోబెట్టి పని కానిచ్చాడు.

కడిగి చూస్తే పొగతో సహా చిమ్నీ దిగింది. కానీ కుడివైపు ఉండాల్సింది ఎడమకొచ్చింది. మా మెట్లు అటుదిటు అయ్యాయి. రోలర్ మీద తిరగేసి గీస్తేనే బట్ట మీద సరిగ్గా పడుతుంది. నలభై ఏళ్ళ అలవాటు, ఇక్కడ బట్ట లేదన్న సంగతి ఆ చేతికి తట్టలేదు. గీస్తున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది గానీ, పెద్దోళ్ళకు తెల్వదా అని ఊరుకున్నాను.

నాయినమ్మ లేచి చూసింది. అంతే, తాతతో మాట బంద్. బయటికి పోయే దిక్కులేని ఆ రోజుల్లో, జానెడు గదిలో, ఇద్దరి మధ్యా నేనే ఫోను. మూరెడు దూరంలో ఉన్న మనిషికి "మీ తాతను తినమను" అని నాతో చెప్పించేది. మూడోనాటికి నాకు ఏడుపొచ్చింది.

తాత పళ్లేన్ని అద్దానికి ఎదురుగా తగిలించి, "జర అద్దంల చూడు, అంతా సక్కగనే ఉన్నది" అన్నాడు. ఆమె చూసి నావైపు తిరిగింది. "మీ తాతను అడుగు, అన్నం గూడ అద్దంలనే పెట్టాల్నా అని." నేను పకపకా నవ్వాను. తాత నవ్వలేదు. అద్దం తీసేసి, ఆమె ముందు నేల మీద కూర్చుని, "తప్పైంది. నిన్ను అడగకపోతి" అన్నాడు. మిల్లనీ అలవాటనీ ఇంకేం ఎత్తలేదు.

నాయినమ్మ పళ్లెం ఒళ్ళో పెట్టుకుని, చెక్కిన మెట్ల మీద వేలు పెట్టింది. "ఆ మెట్ల మీద నన్ను గూడ గీస్తే ఏంబోయేది?" అంది, ఆయనతోనే. నా ఫోను డ్యూటీ ఆ పూటతో ఖతం.

అది జరిగి యాభై ఏళ్ళయింది, ఇప్పుడు నా తల నెరిసింది. ఆ పళ్లెం మా గోడ మీదుంది. తప్పు చేసినప్పుడల్లా నాకూ ముందు అద్దమే గుర్తొస్తుంది, అబద్ధమెందుకు. అప్పుడా ఎడమకొచ్చిన చిమ్నీ వైపోసారి చూసి, మా ఆయన ముందు కూర్చుని "తప్పైంది" అనేస్తాను.