తాత తుపాకీ, నాన్న కెమెరా

మా నాన్నకు వన్ టౌన్‌లో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక అది మూతపడింది. సామానంతా అన్నయ్య ఇంట్లో అటకెక్కింది. కొన్నేళ్లకు ఇంటికి రంగులు వేయిస్తూ అన్నయ్య ఫోన్ చేశాడు. "నాన్న కెమెరా ఒకటి బాగానే ఉన్నట్టుంది. తీసుకుంటావా, పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమంటావా?" అన్నాడు. ఆ సాయంత్రమే బ్యాంకు నుంచి నేరుగా వెళ్లి తెచ్చుకున్నాను.

ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులున్న పెట్టె కెమెరా అది. మెళ్లో వేసుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి. లోపల అద్దం మీద బొమ్మ కనబడుతుంది, కానీ కుడి ఎడమలు తారుమారై కనబడుతుంది. ఎడమ నుంచి వచ్చే సైకిలు అద్దంలో కుడి నుంచి వస్తుంది. నాన్నకు అదొక లెక్క కాదు. నాకు మాత్రం ఎన్నాళ్లైనా తికమకగానే ఉండేది. ఫిల్ము చెన్నై నుంచి తెప్పించుకునేదాన్ని. స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి అక్కడే కడిగేదాన్ని. మా ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరు. ప్రింట్లు వేసుకోవడానికి ఎర్రబల్బు ఆయనే బిగించి పెట్టాడు. మాకు పిల్లలు లేరు. సెలవు రోజున ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండకుండా ఇద్దరం ఏదో ఒక పని కల్పించుకునేవాళ్లం.

ఆయన పని తుపాకీ.

అది వాళ్ల తాతది. తాత ఉయ్యూరు దగ్గర ఒక ఊళ్లో ఆసామి చెరకు తోటలకు కావలి ఉండేవాడట. పందుల్నీ నక్కల్నీ తోలడానికి ఆసామి ఆ తుపాకీ ఇచ్చాడు. చివరికి ఉంచుకొమ్మన్నాడు. గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కూరి, ఇనప కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలం తుపాకీ. మా ఆయనవాళ్ల పేట నుంచి ఊళ్లోకి వెళితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిన రోజులవి. ఆ తుపాకీ భుజాన ఉన్నప్పుడు మాత్రం తాత చెప్పులతోనే నడిచేవాడట, ఎవరూ అదేమని అడిగేవారు కాదట. ఈ సంగతి మా ఆయన పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. తాత ఫొటో ఒక్కటి కూడా ఆ ఇంట్లో లేదు. తుపాకీయే ఫొటో అనుకునేవాళ్లు.

లైసెన్సు తాత నుంచి మామగారికి, ఆయన నుంచి మా ఆయనకు వచ్చింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించడం, అయిపోయాక వెళ్లి తెచ్చుకోవడం, నూనె రాసి బీరువాలో పెట్టడం ఆయనకు అలవాటు. మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, ఆ ఊళ్లోనే కౌలుకు చెరకు వేస్తారు. కొన్నేళ్లుగా తోటలోకి అడవిపందులు దిగుతున్నాయి. నాకు బ్యాంకు సెలవయ్యే రెండో శనివారం ఇద్దరం కారులో వెళ్లేవాళ్లం. సాయంత్రం ఎండ పసుపురంగుకు తిరిగే వేళ ఆయన తోట గట్టున నిలబడి తుపాకీ పేల్చేవాడు. గుళ్లు వేసేవాడు కాదు, ఉత్త మందే. చప్పుడు చాలు, పందులు కాలవ దాటి పోయేవి. గొట్టం నుంచి వచ్చే తెల్లటి పొగ చెరకు ఆకుల మీద కాసేపు కదలకుండా నిలబడేది. నేను ఆ పొగను ఫొటో తీసేదాన్ని. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేటప్పుడు కూడా ఆయన చొక్కాలో ఆ మందు వాసన ఉన్నట్టే ఉండేది.

ఆ శనివారానికి ముందురోజు వాన పడింది. గట్టు మెత్తగా ఉంది. బావగారు కాస్త వెనక మోటారు షెడ్డు దగ్గర ఉన్నారు. నేను మా ఆయనకు ఎడమ పక్కన, కాస్త దూరంగా నిలబడి కెమెరాలోకి చూస్తున్నాను. ఆయన తుపాకీ ఎత్తి మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. పేలలేదు. మందు లోపలే రాజుకుని ఆలస్యంగా పేలవచ్చు కాబట్టి, అలాంటప్పుడు గొట్టం ఆకాశం వైపే పెట్టి చాలాసేపు ఆగాలని ఆయనకు తెలుసు, ఆగాడు కూడా. తర్వాత దించి నా వైపు తిరుగుతూ, "మందు చెమ్మగిల్లినట్టుందే" అన్నాడు.

తల ఎత్తి చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను అద్దంలోనే చూస్తున్నాను. గొట్టం కుడి వైపుకు వస్తున్నట్టు కనబడింది. తప్పుకుందామని ఎడమకు అడుగు వేశాను. అది నిజంగా వస్తున్నది ఎడమకే.

వెలుగు కనబడింది. చప్పుడు విన్న జ్ఞాపకం లేదు. కింద కూర్చుని ఉన్నాను. మెడకు ఎడమ వైపున, భుజం మీద మరుగుతున్న నూనె పడ్డట్టు మంట. ఆయన నా ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. నోరు కదులుతోంది, మాట లేదు. బావగారు పరుగెత్తుకొస్తున్నారు, అడుగుల చప్పుడు లేదు. లోకం మొత్తం తలుపు వేసుకున్నట్టు అయింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రికి తీసుకొచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో తర్వాత బావగారు చెప్పారు. ఉయ్యూరు దాటగానే బావగారే, "దీపావళి మందు ఏదో పేలిందని చెబుదాంరా. తుపాకీ అంటే పోలీసు కేసవుద్ది. నీ ఉద్యోగం పోద్ది" అన్నారట. మా ఆయన, "వద్దన్నయ్యా. నా చేతిలో పేలింది. అదే చెబుతా" అన్నాడట. ఆసుపత్రి గుమ్మంలో అడిగిన మొదటి మనిషికే అట్లాగే చెప్పాడు.

ఎడమ చెవి లోపలి పొర చిరిగింది. పొర అతుక్కోవచ్చుగానీ నరం దెబ్బతిన్నదని, ఆ చెవికి వినికిడి తిరిగిరావడం కష్టమని డాక్టరు కాగితం మీద రాసి చూపించారు. కుడి చెవి కూడా అప్పటికి మొద్దుబారే ఉంది. మెడలో దిగిన మందు నలుసులు ఒక్కొక్కటే తీశారు.

మర్నాడు మహిళా ఎస్సై వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. మా ఆయన్ని బయట ఉండమంది. కుర్చీ నా కుడి పక్కకు జరుపుకుని కూర్చుంది. అది అందరూ ఉండే వార్డు, మంచానికీ మంచానికీ మధ్య ఒక పచ్చ తెర మాత్రమే. నాకు వినబడాలంటే ఆమె గట్టిగా అరవాలి. ఆడది ఆడదాని చెవిలో గుసగుసగా అడగాల్సిన ప్రశ్న వార్డంతా వినేలా అడగాల్సి వచ్చింది.

"మేడమ్, మీ ఆయన మిమ్మల్ని కొడుతుంటాడా?"

"లేదండీ."

"భయపడొద్దు. ఆయన ఇక్కడ లేడు. మీ ఇద్దరికీ గొడవలేమన్నా ఉన్నాయా?"

"లేవండీ. అది పొరపాటున పేలింది."

నేను చెప్పింది ఆమె రాసుకుంది. అద్దంలో కుడి ఎడమలు మారతాయన్న సంగతి చెబితే రాయడం ఆపి నా వైపు చూసింది. నమ్మిందో లేదో తెలియదు. సంతకం పెట్టించుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నిజంగా భర్త కాల్చిన ఆడవాళ్లు కూడా పొరపాటున పేలిందనే చెప్పి ఉంటారు.

కోపం అన్నయ్య మీద వచ్చింది. ఆ సాయంత్రం పళ్లు తెచ్చి, తెర దగ్గరికి లాగి, "నాతోనన్నా నిజం చెప్పు. నీకు నేనున్నాను" అన్నాడు. మా పెళ్లికి పందిరి వేయించినవాడు, మా ఇంట్లో ఎన్ని పండగలకు భోంచేశాడో లెక్కలేనివాడు. నేను ముఖం అటు తిప్పుకున్నాను. అటు తిప్పితే ఎడమ చెవి పైకి వచ్చింది. ఆ తర్వాత వాడేం చెప్పాడో నాకు వినబడలేదు.

కానీ ఆ ప్రశ్న నాలోనూ కూర్చుంది. అబద్ధమని తెలిసినా, ఎవరో ఇల్లంతా సోదా చెయ్యమన్నట్టు మా కాపురంలో ప్రతి మూలా వెతికాను. ఎప్పుడో కంచం తోసేసి లేచి వెళ్లిన రాత్రి, పిల్లలు లేరన్న మాట వాళ్లమ్మ అన్నప్పుడు ఆయన మాట్లాడకుండా ఉండిపోయిన రోజు, అన్నీ బయటికొచ్చాయి. వాటిలో తుపాకీ ఎక్కడా లేదు. అవి మాత్రం ఉన్నాయి. వాటిని మళ్లీ లోపల సర్దుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఇంటికి వచ్చాక ఆయన నాతో మాట్లాడటం తగ్గించేశాడు. వంట చేసేవాడు, మందు రాసేవాడు, చెవిలో దూది మార్చేవాడు. నాకు పెట్టి, తను వంటగదిలో నిలబడి తినేవాడు. చర్చిలో వెనక బల్ల మీద, తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ చేరి కట్టు వైపు, తర్వాత ఆయన వైపు చూసేవాళ్లు. ఆయన అప్పటికే బయట కారు దగ్గర ఉండేవాడు.

బావగారు బురద తుడిచి కెమెరా తెచ్చిచ్చారు. కింద పడ్డప్పుడు వెనక మూత ఊడి వెలుగు దూరింది. ఫిల్ము కడిగితే మొదలు నుంచి చివరిదాకా నల్లగా ఉంది. ఆ సాయంత్రం తాలూకు బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. నా మాట తప్ప ఎవరికీ చూపించడానికి ఏమీ లేదు.

నేను ఫిర్యాదు లేదని రాసిచ్చాక కొంతకాలానికి కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఉద్యోగం నిలిచింది. తుపాకీ సంగతేమిటని కోర్టువాళ్లు అడిగితే, మా ఆయన లైసెన్సు వదులుకుంటున్నానని, అది తిరిగి అక్కర్లేదని సంతకం పెట్టాడు. కోర్టు మెట్ల మీద బావగారు తల పట్టుకుని కూర్చున్నారు.

"తాత గుర్తు అదొక్కటేరా మనకి."

"తెలుసన్నయ్యా."

ఉయ్యూరు బస్సు ఎక్కేదాకా బావగారు మా వైపు చూడలేదు.

అంతా తేలిపోయినా మా ఆయన మాత్రం తేలలేదు. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే, నా కుడి పక్కకు వచ్చి నిలబడి అడిగాడు.

"ఆసుపత్రిలో ఆమె అడిగినప్పుడు నువ్వెందుకు ఆగావు?"

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడండీ?"

"కొడుతుంటాడా అని అడిగింది కదా. నీ మంచం తలుపు పక్కనేగా, నేను అవతలే ఉన్నా, వినబడింది. నువ్వేం మాట్లాడలేదు. నాకు నిలబడబుద్ధి కాలేదు. కిందికి దిగిపోయా."

చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఇన్ని నెలలుగా ఆయన వంటగదిలో నిలబడి తిన్న అన్నం, వెనక బల్ల, అన్నీ ఆ కాస్త మౌనం వల్లేనని అప్పుడు తెలిసింది.

"నాకు వినబడలేదండీ" అన్నాను. "ఆమె మొదట మామూలుగా అడిగింది. పెదాలు కదలడమే చూశాను. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని అరిచింది. అప్పుడు వెంటనే చెప్పాను, లేదని. మీరు వెళ్లిపోయాక చెప్పి ఉంటాను."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఏడవలేదు. కాసేపటికి దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరం కలిసి మడతపెట్టాం.

ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర కూర్చుని చేశాడు. పడుకునేటప్పుడు, "నువ్విటు రా" అని మంచం మీద నన్ను గోడ వైపుకు మార్చాడు. అట్లా అయితే ఆయన నా కుడి పక్కన ఉంటాడు. రోడ్డు మీద కూడా ఎప్పుడు మారతాడో తెలియకుండా కుడి పక్కకు మారిపోతాడు. ఎడమ చెవిలో మాత్రం ఇప్పటికీ మోటారు తిరిగినట్టు ఒక రొద. దానికి అలవాటు పడ్డాను. అన్నయ్య వస్తూ పోతూ ఉంటాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన వాడికి ఎప్పటిలాగే రెండోసారి కాఫీ ఇస్తాడు.

మొన్న వర్షాకాలం తర్వాత బావగారు ఫోన్ చేశారు. చాలాకాలానికి వినబడిన గొంతు. పందులు మళ్లీ దిగుతున్నాయట. పాత చీరలు తోట చుట్టూ కడితే మనుషులనుకుని రావని ఎవరో చెప్పారట.

"మీ ఇంట్లో ఏమన్నా ఉంటే పట్టుకు రామ్మా" అన్నారు.

రెండో శనివారం వెళ్లాం. కెమెరా తీసుకెళ్లాను. వెనక మూత బాగుచేయించాను. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద కర్రలు పాతుకుంటూ, నా చీరలు విప్పుకుంటూ పోతున్నారు. బ్యాంకులో చేరిన కొత్తలో కట్టిన నీలం వాయిలు, బాగా వెలిసిపోయిన ఆకుపచ్చది. ఆయన ముళ్లు గట్టిగా బిగిస్తున్నాడు. బావగారు ఏదో చెబుతున్నారు, నాకు వినబడనంత దూరంలో. ఆయన తల ఊపుతున్నాడు.

నేను తల వంచి అద్దంలోకి చూశాను. తర్వాత తల ఎత్తి ఒకసారి నేరుగా చూసుకుని, అప్పుడు నొక్కాను. ఇప్పుడు అదే నా పద్ధతి.